కాదు, లేదు, అవును: తెలుగులో నక్కి ఉన్న ఒక క్రియ

సీతంపేట సంతలో పచ్చి పసుపు కొమ్ముల కుప్ప ముందు ఆగండి. మట్టి వదలని ఆ కొమ్ములు దూరం నుంచి అల్లంలాగే కనిపిస్తాయి. "ఇది అల్లమా?" అని అడిగితే అమ్మే ఆమె "కాదు" అంటుంది. "పోనీ, అల్లం ఉందా?" అంటే "లేదు" అంటుంది. రెండుసార్లూ ఆమె చెప్పింది కాదనే. అయినా ఈ రెండు జవాబుల్నీ తారుమారు చేస్తే బేరం అక్కడే ఆగిపోతుంది. కుప్పను చూపించి అడిగినదానికి "లేదు" అంటే కొనేవాడు తెల్లమొహం వేస్తాడు. అల్లం ఉందా అన్నదానికి "కాదు" అంటే, ఈమె ఇంకెవరికో జవాబు చెబుతోందనుకుంటాడు.

ఇంగ్లీషువాడికి రెండు చోట్లా 'నో' ఒక్కటే. హిందీలో రెండు చోట్లా 'నహీఁ' సరిపోతుంది. తెలుగుకు రెండు మాటలు ఎందుకు? మాటలు వచ్చీరాని పిల్లలు కూడా ఈ తేడాను దాదాపు తప్పకుండా పాటిస్తారు, వాళ్లకు దాన్ని కూర్చోబెట్టి నేర్పినవాళ్లు ఎవరూ ఉండరు. బడి వ్యాకరణం 'ఇది అల్లం' లాంటి వాక్యానికి 'క్రియారహిత వాక్యం' అని పేరు పెట్టి ముందుకు వెళ్లిపోతుంది. నన్నడిగితే ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. క్రియ అక్కడ లేకపోలేదు, నక్కి ఉంది. దాన్ని బయటికి రప్పించాలంటే వాక్యాన్ని కాదనాలి, లేదా ప్రశ్నకు ఒప్పుకోవాలి.

పళ్ళేలు రెండు, కాడ ఒకటి

'సోమయ్య రైతు' అనే వాక్యం చేసే పని తక్కెడ చేసే పనే. ఒక పళ్ళెంలో సోమయ్య, రెండో పళ్ళెంలో రైతు. ఇవి రెండూ సరి అని చెప్పడానికి మధ్యలో ఒక కాడ కావాలి. ఇంగ్లీషులో ఆ కాడ 'ఈజ్', హిందీలో 'హై'. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని సంయోజక క్రియ అంటారు. తెలుగులో వర్తమానంలో ఈ కాడ కంటికి కనిపించదు. పళ్ళేలు పక్కపక్కన పెట్టేస్తాం, వినేవాడు కాడను ఊహించుకుంటాడు.

ఇందులో బద్ధకం ఏమీ లేదు. వాక్యంలో క్రియ మోసే పెద్ద బరువు కాలం: జరిగిందా, జరుగుతోందా, జరగబోతోందా అన్నది. 'సోమయ్య రైతు' అన్నప్పుడు చెప్పాల్సిన కాలం ఏమీ లేదు, ఇప్పటి సంగతే. మోయాల్సిన బరువు లేనప్పుడు మోసేవాడూ అక్కర్లేదు. కాలం మారితే క్రియ వెంటనే పరిగెత్తుకొస్తుంది: 'సోమయ్య కూతురు నర్సు అవుతుంది', 'ఒకప్పుడు సోమయ్య సర్పంచిగా ఉండేవాడు'. రష్యన్‌లోనూ, అరబ్బీలోనూ ఇదే ఏర్పాటు. వర్తమానంలో మౌనం, భూతకాలంలో క్రియ.

కాదనాలంటే మాత్రం మౌనం చాలదు. పళ్ళేలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటే 'సరి' అన్న అర్థమే వస్తుంది, 'సరికాదు' అని తెలియాలంటే ఒక శబ్దం చేయాలి. అందుకే ఒప్పుకోలులో దాక్కున్న కాడ తిరస్కారంలో బయటపడుతుంది: 'సోమయ్య రైతు కాదు'. అరబ్బీవాడూ ఇలాంటి చోట 'లైస' అనే ప్రత్యేకమైన మాట వాడతాడు. ఒప్పుకోలుకు మాట లేదు, కాదనడానికి ఉంది.

'సోమయ్య ఇంట్లో ఉన్నాడు' అన్నది వేరే రకం వాక్యం. ఇక్కడ దేన్నీ దేనితోనూ తూచడం లేదు, ఒక మనిషి ఒక చోట ఉండటం గురించి చెబుతున్నాం. ఉండటం అంటే కాలంలో సాగే పని, ఇవాళ ఉంటాడు, రేపు ఉండకపోవచ్చు. అందుకే ఇక్కడ 'ఉండు' అనే నిండు క్రియ తిష్ఠ వేసుకు కూర్చుంది. దాని తిరస్కారం 'లేదు'. సంతలో ఆమె నోటి వెంట వచ్చిన రెండు మాటల వెనక ఉన్న అసలు సంగతి ఇది. ఒకటి 'ఏమిటి' అన్నదాన్ని కాదంటుంది, ఇంకొకటి 'ఉందా' అన్నదాన్ని. ఒప్పుకునేటప్పుడు ఒకవైపు మౌనం, మరోవైపు 'ఉంది' కాబట్టి ఈ చీలిక మనకు అంతగా తట్టదు. కాదన్నప్పుడు రెండు మాటలు ఎదురెదురుగా నిలబడతాయి.

పడమటి దీవిలో ఇదే చీలిక

ఐర్లండ్ పడమటి తీరపు పల్లెల్లో ఇప్పటికీ ఇంటిభాషగా బతికున్న ఐరిష్‌లో ఈ చీలిక పట్టపగల్లా కనిపిస్తుంది. అక్కడ ఒకటికి రెండు 'ఉండటాలు'. 'అతను ఉపాధ్యాయుడు' అనడానికి 'ఇస్ మూన్‌చోర్ ఏ'. మాట వరసను తెలుగులో పెడితే 'అవును ఉపాధ్యాయుడు అతను' అన్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఐరిష్‌లో క్రియ వాక్యానికి మొదట్లో వస్తుంది. 'అతను ఇక్కడ ఉన్నాడు' అనడానికి ఈ 'ఇస్' పనికిరాదు. అక్కడ 'తా' కావాలి: 'తా షే అన్‌షో'. కాదనేటప్పుడు మొదటిదానికి 'నీ', రెండోదానికి 'నీల్'. మన కాదు, లేదుల జంటకు అచ్చమైన జోడీ. ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఇచ్చిపుచ్చుకోవడాలూ లేవు.

ఈ 'తా' మూలం వెతికితే 'నిలబడు' అనే అర్థమున్న పాత ఇండో యూరోపియన్ ధాతువు తేలుతుంది. స్పానిష్‌లోనూ ఇలాంటి రెండో క్రియ 'ఎస్తార్' ఉంది, దాని పుట్టుక కూడా నిలబడటమే. తెలుగు 'ఉండు'కు నివసించడం, ఆగడం అనే అర్థాలు ఇప్పటికీ ఉన్నాయి: 'రెండ్రోజులు ఉండి వెళ్లు', 'ఉండు, వస్తున్నా'. ఒక చోట నిలవడం, మసలడం అనే పనుల నుంచే లోకంలో చాలా భాషలు 'ఉంది'ని తయారు చేసుకున్నాయి.

ఇంకో పోలిక మరీ ముచ్చటైనది. 'ఆమె డాక్టరు' అనడానికీ 'ఆమె పాలకొండలో డాక్టరుగా ఉంది' అనడానికీ తేడా ఎక్కడుంది? మొదటిది ఆమె ఎవరో చెబుతుంది, రెండోది ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో చెబుతుంది. ఐరిష్‌వాడు కూడా రెండో భావానికి 'తా'ను పిలుచుకుని 'తా షే ఇనా వూన్‌చోర్' అంటాడు, అంటే 'అతను తన ఉపాధ్యాయుడిలో ఉన్నాడు' అని. వినడానికి వింతగా ఉంటుంది కానీ, మన 'గా' చేసే పని అక్కడ 'లో' చేస్తోంది, అంతే.

ఒక్కొక్క మూల ఒక్కొక్క తీరు

ఐరిష్‌కు మూడు పెద్ద మాండలికాలు: దక్షిణాన మన్‌స్టర్, పడమట కొనాట్, ఉత్తరాన అల్‌స్టర్. కొనాట్, అల్‌స్టర్ వాళ్లు పైన చెప్పినట్టు 'ఇస్'తోనే వాక్యం మొదలుపెడతారు. మన్‌స్టర్‌వాడు అదే మాటను తిరగేసి 'మూన్‌చోర్ షా ఏ' అంటాడు. చెప్పదలుచుకున్న మాటను ముందుకు తెచ్చి, దాని వెనక 'షా' పెడతాడు. ఈ 'షా' అంటే 'ఇస్ యా', అంటే 'అది అవును', గబగబా పలికితే కరిగి ఒక్క అక్షరంగా మిగిలింది. 'ఉపాధ్యాయుడు, అవును, అతను' అన్నంత బరువు ఆ వాక్యంలో ఒకప్పుడు ఉండేది. రోజూ వాడగా వాడగా ఆ బరువు అరిగిపోయి మన్‌స్టర్‌లో అది మామూలు వాక్యమై కూర్చుంది. 'నేను ఉన్నాను' అన్నదానికి మన్‌స్టర్‌లో 'తాయిమ్' అనే ఒక్క పదం, మిగతా చోట్ల 'తా మే' అనే రెండు. 1958లో ప్రభుత్వం ఐరిష్‌కు అధికారిక ప్రమాణం ఒకటి తయారు చేసింది. ఊళ్లలో మాట్లాడేవాళ్లు తమ తీరునే మాట్లాడుతున్నారు.

'ఇస్' కూడా మాటల్లో తరచు జారిపోతుంది. 'నేను షాన్‌ని' అనడానికి 'మిషె షాన్' అంటే చాలు. క్రియను బయటపెట్టుకునే భాష కూడా వీలైన చోట దాన్ని మింగేస్తోందన్నమాట.

పెట్టెలో మాట: ఐరిష్‌లో 'అవును' లేదు

ఐరిష్‌లో 'యెస్', 'నో'లకు సమానమైన మాటలు లేవని పర్యాటకుల పుస్తకాలు కూడా చెబుతుంటాయి. అడిగిన క్రియనే తిరిగి చెప్పడం అక్కడి పద్ధతి. 'వచ్చావా?' అంటే 'వచ్చాను'. మరి 'అతను ఉపాధ్యాయుడా?' అంటే? తిరిగి చెప్పాల్సిన క్రియ 'ఇస్' కాబట్టి జవాబు 'షా', లేదంటే 'నీ హా'. దీన్ని ఐరిష్ విడ్డూరంగా చెప్పుకుంటారు కానీ మన సంగతి కూడా అంతే. 'వచ్చావా?' అంటే మనం కూడా 'వచ్చాను' అనే అంటాం. 'ఇది నీ పుస్తకమేనా?' అంటే 'అవును'. ఈ 'అవును' 'అగు' ధాతువు రూపమే, 'అది అగును' అన్న పాత క్రియే. 'కాదు' దాని వ్యతిరేకం. మనం ఔననీ కాదనీ అనే రెండు మాటలూ నక్కి ఉన్న ఆ సంయోజక క్రియ రూపాలే.

పేరుకే పురుష ప్రత్యయం

కాడ కనిపించకపోయినా దాని జాడ తెలుగులో ఇంకో చోట దొరుకుతుంది. 'వాడు రైతు' అంటాం, కానీ 'నేను రైతుని', 'నువ్వు రైతువి', 'మేం రైతులం' అంటాం. 'చేశాను, చేశావు, చేశాం' అన్నప్పుడు క్రియ చివర ఎవరు చేశారో తెలిపే గుర్తులు ఉంటాయి కదా, అవే గుర్తులు ఇక్కడ క్రియ లేని లోటును పూడుస్తూ నామవాచకానికి అతుక్కున్నాయి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఇలాంటిది ఊహకు కూడా అందదు. రైతు అనే పేరు ఒక్క క్షణం క్రియలా ప్రవర్తిస్తోంది.

ఇది తెలుగు సొంత సృష్టి కాదు, ద్రావిడ భాషల పాత ఆస్తి. ప్రాచీన తమిళంలో 'నేను మంచివాణ్ణి' అన్నదాన్ని 'నల్లేన్' అని ఒక్క పదంలో చెప్పేవారు. తమిళ వ్యాకర్తలు దీనికి 'కురిప్పు వినై' అని పేరు కూడా పెట్టారు. నేటి తమిళం ఆ సంపదను పోగొట్టుకుంది. తెలుగు దాచుకుంది. గోండీ, కువి, కొండ భాషలూ దాచుకున్నాయి. కొండదొరల భాష అయిన ఈ కొండ, లేదా కూబి, అరకు ప్రాంతంలో వినిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి దానికి రాసిన సమగ్ర వ్యాకరణం 1969లో వచ్చింది.

ఈ గుర్తుల్లో ఒక తిరకాసు ఉంది. 'నేను మంచివాణ్ణి' అన్నప్పటి 'మంచివాణ్ణి', 'నేను మంచివాణ్ణి చూశాను' అన్నప్పటి 'మంచివాణ్ణి' చెవికి ఒక్కటే. ఒకటి 'నేను' అనే గుర్తు, ఇంకొకటి కర్మకు తగిలించే ద్వితీయా విభక్తి. వాక్యం పూర్తయ్యేదాకా ఏది ఏదో తేలదు, అయినా మనం తడబడం.

పేర్ల దగ్గర ఈ గుర్తు ఈమధ్య జారిపోతోంది. ఫోనెత్తి 'నేను సుబ్బారావునండీ' అనే తరం ఇంకా ఉంది. వాళ్ల మనవలు 'నేను రవి' అని ఊరుకుంటారు. దీన్ని ఇంగ్లీషు పుణ్యమే అని తేల్చెయ్యడం తేలిక. నాకు మాత్రం 'మిషె షాన్' గుర్తుకొస్తుంది. పేరు చెప్పుకునేటప్పుడు పొదుపు చేయడం ఏ భాషకైనా సహజమే.

గడ్డకట్టిన కాదు, కదిలే లేను

పాత లెక్క ప్రకారం కాదనేటప్పుడు కూడా పురుషను బట్టి రూపం మారాలి: నేను కాను, నువ్వు కావు, వాడు కాడు, మేం కాము, వాళ్లు కారు. ఇవాళ చుట్టూ వినండి. 'నేను డాక్టర్ని కాదు', 'వాళ్లు మావాళ్లు కాదు', 'నువ్వు కాదు, మీ అన్నయ్య'. 'కాను' పుస్తకాల్లోనూ, కోపంలోనూ మిగిలింది. 'కాదు' అన్ని పురుషలకూ ఒక్కటే మాటగా గడ్డకట్టుకుపోయింది. 'లేదు' మాత్రం అలా కాలేదు. 'నేను ఇంట్లో లేదు' అని తెలుగు పుట్టుకతో వచ్చినవాడు ఎవడూ అనడు. 'లేను' అనే అంటాడు.

కవలల్లాంటి ఈ రెండింటికీ ఈ తేడా ఎందుకొచ్చింది? నాకు తోచే కారణం ఇది. ఇంట్లో లేకపోవడం నా సంగతి, నేను చేసే పని లాంటిది, కాబట్టి క్రియ మీద నా గుర్తు ఉండాలి. 'డాక్టర్ని కాదు' అన్నప్పుడు కాదనేది నన్ను కాదు, 'నేను డాక్టర్ని' అనే మొత్తం మాటను. ఆ మాట కాదు, అది నిజం కాదు అంటున్నాం. 'మాట' ఎప్పుడూ 'అది'యే కాబట్టి 'కాదు' చాలు. పైగా 'డాక్టర్ని' మీద 'నేను' గుర్తు ముందే ఉంది, రెండోసారి ఎందుకు?

'లేదు' కూడా ఒక చోట గడ్డకట్టింది, అక్కడ అది తమాషా చేస్తుంది. 'వచ్చు'కు 'లేదు' తగిలించి 'రాలేదు' అంటాం. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు: గతంలో జరగని పనికి అన్ని పురుషలకూ ఒకే రూపం. అదే 'లేదు'ను పురుషతో కదిలిస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. 'నేను రాలేదు' అంటే రానిది నిన్న. 'నేను రాలేను' అంటే చేతకానిది, వీలు కానిది. కాలానికీ సామర్థ్యానికీ మధ్య గోడ ఒక్క అక్షరం. ఆ గోడ కూడా ఒక చోట కూలుతుంది: 'ఆమె రాలేదు' అన్నప్పుడు రాకపోవడమా, రావడానికి వీలు లేకపోవడమా? 'ఆమె నిన్న రాలేదు', 'ఆమె ఇంత దూరం నడిచి రాలేదు' అని పక్కన ఏదో ఒక ఆధారం ఉంటే తప్ప చెప్పలేం. 'వాడు రాలేదు', 'వాడు రాలేడు' అని మగవాడి దగ్గర నిలిచిన తేడా ఆమె దగ్గర చెరిగిపోయింది, ఎందుకంటే ఏకవచనంలో ఆమెకు 'అది' రూపమే వాడతాం కాబట్టి.

ఈ రెండు క్రియలూ కలిసి చేసే పనిని ఒక్క పెళ్లి మాటతో చూడొచ్చు. 'అది పెళ్లి కాదు' అంటే నిశ్చితార్థమో ఇంకేదో. 'ఆ రోజు పెళ్లి లేదు' అంటే ముహూర్తం కుదరలేదు. 'పెళ్లి కాలేదు' అంటే ఇంకా బ్రహ్మచారే. మూడో మాటలో 'కా', 'లేదు' ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

చరిత్ర తవ్వితే 'లేదు' తమిళ 'ఇల్లై'కి తోబుట్టువు. తెలుగులో పదం మొదటి అచ్చు పక్కకు జరగడం వల్ల 'ఇల్' కాస్తా 'లే' అయింది. 'కాదు' మాత్రం 'అగు' ధాతువుకు వ్యతిరేకం. కన్నడం, మలయాళం ఇక్కడ 'అల్ల' అనే వేరే పాత మాటను ఉంచుకున్నాయి. మలయాళంలో ఒప్పుకోలులో కూడా కాడ కనిపిస్తుంది, దాని పేరు 'ఆణ్', అదీ 'అగు' సంతానమే. తెలుగులో దాగినదాన్ని చూడాలంటే మలయాళం వినాలి.

దాగినదన్నాను గానీ, ఈ 'అగు' వాక్యం నడుమ నుంచి తప్పుకుని భాష నిండా చిన్న చిన్న పదాలుగా చెదిరిపోయింది. కాబట్టి, కానీ, కావాలి, కాకుండా, అయితే, అయినా, కదా, అందమైన, నెమ్మదిగా: వీటన్నిటి లోపలా అదే ఉంది. అది లేకుండా ఒక పేరా రాసి చూడండి, చేతకాదు. ఆ వాక్యం చివరిమాటలో కూడా అదే ఉంది.

నేదు, లేకుండె, ఔ

సీతంపేట 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. ఆ కొండల దిగువ పల్లెల్లో 'లేదు' చాలా నోళ్లలో 'నేదు' అవుతుంది. ఉత్తరాంధ్ర కథలు చదివినవాళ్లకు 'నేదు బాబూ' కొత్త కాదు. 'కాదు' అలా మారదు. 'ఏమిటి'కి వాళ్లు వాడే 'ఏటి'ని తగిలించుకుని 'కాదేటి?' అని నిలదీస్తుంది, అంతే.

తెలంగాణ తీరు ఇంకా లోతైన తేడా చూపిస్తుంది. కోస్తాలో 'అప్పట్లో కరెంటు ఉండేది కాదు' అంటే, తెలంగాణలో 'గప్పుడు కరెంటు లేకుండె' అంటారు. కోస్తా వాక్యాన్ని విప్పి చూడండి. 'ఉండేది' అనే క్రియను ముందు నామవాచకంగా మార్చి, ఆ నామవాచకాన్ని 'కాదు'తో తోసేసింది. ఉనికి గురించిన వాక్యాన్ని సమీకరణంగా మార్చి కాదన్నట్టు! తెలంగాణ ఆ చుట్టుదారి పట్టకుండా 'లేక'కు 'ఉండె' చేర్చి నేరుగా పని ముగించింది. ఒప్పుకోలులోనూ అంతే. 'ఆయన మంచోడుండె' అని నామవాచకం పక్కనే, 'గా' అనే మధ్యవర్తి లేకుండా, 'ఉండె' పెట్టేస్తుంది. మన్‌స్టర్‌వాడికీ కొనాట్‌వాడికీ ఉన్నంత దూరం ఇక్కడ కూడా ఉంది, మన దగ్గర దాన్ని 'యాస' అనే ఒక్క మాటలో పడేసి ఊరుకున్నాం. యాస అంటే పలుకుబడి మాత్రమే. ఇది వాక్య నిర్మాణం. ఒప్పుకోలుకు తెలంగాణలో తరచు 'ఔ' అంటే చాలు. 'అగును' అనే మూడక్షరాల క్రియ అరిగి ఒక్క అచ్చు మిగిలింది. ఐరిష్ 'షా'ది కూడా ఇలాంటి కథే.

కొండ మీద కలిసిన భాషలు

సీతంపేట నుంచి ఒడిశా సరిహద్దు ఎంతో దూరం కాదు. ఒడియా ఆర్యభాష, తెలుగుకు చుట్టం కాదు. అయినా అందులో 'అల్లం కాదు' అనడానికి 'నుహెఁ', 'అల్లం లేదు' అనడానికి 'నాహిఁ'. బెంగాలీలో 'నయ్', 'నేయ్'. ఒకే 'నహీఁ'తో సర్దుకునే హిందీ వీటికి దగ్గరి చుట్టం. ఇటువైపు, తమిళం మనకు చుట్టం, దాని రాతభాషలో 'అల్ల' ఉంది, అయినా వాడుకలో అన్నిటికీ 'ఇల్ల' సరిపోతోంది. అంటే ఈ చీలిక వంశాన్ని బట్టి మాత్రమే పారంపర్యంగా రాదు. పుట్టవచ్చు, పోవచ్చు.

ఆ కొండల్లో మూడో వంశం కూడా ఉంది. సవరల భాష ద్రావిడమూ కాదు, ఆర్యమూ కాదు. అది ముండా శాఖ, దాని దూరపు బంధువులు ఖాసీ, ఖ్మేర్, వియత్నామీస్. 2011 జనాభా లెక్కల్లో దాన్ని మాతృభాషగా చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు, వాళ్లలో ఎక్కువమంది ఒడిశాలో. ఈ భాషను లోకానికి పరిచయం చేసినవాడు మనకు వేరే కారణంగా తెలిసిన మనిషి, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. ఆయన సవర భాషా వివరణ 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మాట్లాడే భాషకు దాని నియమాలు దానికి ఉంటాయన్న ఆయన వాదానికి సవర పల్లెల అనుభవం బలమిచ్చిందని నా నమ్మకం. రాత లేని భాషలో ఇంత కట్టుదిట్టమైన వ్యాకరణం కళ్లారా చూసినవాడికి, రాయని తెలుగు 'తప్పుల తెలుగు' అంటే ఎలా ఎక్కుతుంది?

ఆ కట్టుదిట్టం ఎలాంటిదో చూపే ఉదాహరణ ఒకటి భాషాశాస్త్ర గ్రంథాల్లో పదేపదే కనిపిస్తుంది: 'ఞమ్‌కిద్‌తమ్'. 'నిన్ను పులి పట్టుకుంటుంది' అనే వాక్యమంతా ఈ ఒక్క మాటలో ఉంది. 'ఞమ్' పట్టుకోవడం, 'కిద్' పులి, 'త్' ఇంకా జరగని కాలం, 'అమ్' నువ్వు. పులి క్రియ కడుపులోకి దూరిపోయింది. తెలుగు 'రైతుని' దగ్గర నామవాచకం క్రియ గుర్తును మోస్తోంది, ఇక్కడ క్రియే నామవాచకాన్ని మింగింది. సవరకు దూరపు చుట్టమైన ముండారిలో దాదాపు ఏ మాటనైనా క్రియగా నడిపించవచ్చు. దాంతో ఆ భాషలో నామవాచకం, క్రియ అనే విభజన అసలు ఉందా అని పండితులు వాదించుకున్నారు. 2005లో నికొలస్ ఇవాన్స్, తొషికి ఒసాడా ఆ విభజన లేదనడం అపోహేనని సుదీర్ఘంగా వాదించారు. ఏమైనా, పేర్లు వేరు, పనులు వేరు అని బడిలో మనం గీసుకున్న గీత ఈ కొండల్లో నిటారుగా నిలబడదు.

పలక మీదికి వచ్చేసరికి

ఇది పండితుల సరదాగా మిగిలేదే, బడి లేకపోతే. తెలుగు పిల్ల ఇంగ్లీషు మొదలుపెట్టగానే 'మై ఫాదర్ ఫార్మర్' అంటుంది. పంతులు 'ఈజ్' ఏదని గద్దిస్తాడు. ఆ దెబ్బకు పిల్ల 'ఈజ్'నూ 'యామ్'నూ అవసరం లేని చోట కూడా దూర్చడం మొదలుపెడుతుంది: 'ఐ యామ్ గో'. రెండు తప్పులకూ కారణం ఒకటే. తన భాషలో మౌనంగా ఉన్న కాడను ఇంగ్లీషు బయట పెట్టమంటోందని ఎవరూ చెప్పలేదు. 'నాన్న రైతు కాదు' అన్నప్పుడు నువ్వు ఒక మాట వాడావు కదా, ఇంగ్లీషువాడు ఔననేటప్పుడు కూడా అలాంటి మాట వాడతాడు అని చెబితే సగం పని అయిపోతుంది.

పెద్దవాళ్లు కూడా ఈ ఒత్తిడికి లోనయ్యారు. దస్తావేజుల్లో 'సదరు స్థలము నా స్వార్జితమై యున్నది' అనే వాక్యాలు చూడండి. 'నా స్వార్జితం' అంటే చాలు. అక్కడ ఖాళీ ఉంచడానికి చట్టం భయపడినట్టుంది.

సవర పిల్లల సమస్య ఇంకా పెద్దది. ఇంటి భాష ఒక వంశం, బడి తెలుగు ఇంకో వంశం, ఆపైన ఇంగ్లీషు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది, ఆ భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. సవరకు సొంత లిపి కూడా ఉంది. 1936లో మంగెయ్ గొమాంగో తయారు చేసిన సొరాంగ్ సొంపెంగ్ ఒడిశా వైపు వాడుకలో ఉంది. లిపి ఏదైనా, పంతులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. 'ఇది చెట్టు', 'ఇక్కడ చెట్టు ఉంది', 'ఇది చెట్టు కాదు', 'ఇక్కడ చెట్టు లేదు' అనే నాలుగు వాక్యాల్ని ఆ పిల్ల తన ఇంట్లో ఎలా అంటుందో మొదటి వారంలోనే అడిగి రాసుకోవాలి. అందులో ఎన్ని మాటలు తెలుగుతో జతపడతాయో, ఎన్ని జతపడవో తెలిస్తే, ఏ పాఠం దగ్గర ఆగాలో తెలుస్తుంది.